గోడ మందం

ఇంట్లో ఆమె వదిన. పెళ్ళై ఆ ఇంటికి వచ్చిన రోజున, రెండు జడలతో స్కూలు యూనిఫాంలో ఉన్న ఆడపడుచు "వదినా" అని పిలిచిన పిలుపు అలాగే అతుక్కుపోయింది. ఇరుగుపొరుగు వాళ్ళకీ, పాలవాడికీ కూడా ఆమె వదినే అయింది. మనమూ అలాగే పిలుచుకుందాం.

ఆఫీసులో మాత్రం ఆమె పెద్ద మేడమ్. చిన్న జీతాల వాళ్ళకీ, జీతమన్నదే లేకుండా చేతిపనుల మీద బతికే వాళ్ళకీ ఇళ్ళు కట్టించి, వాటికి రుణాలిచ్చే సంస్థ అది. వదిన అందులో గుమాస్తాగా చేరి, ఒక్కో మెట్టూ ఎక్కి, డైరెక్టరు గది పక్క గది దాకా వచ్చింది. పాత డైరెక్టరు రిటైరవుతున్నాడంటే, ఇక మధ్యనున్న గోడ ఒక్కటే అడ్డమనుకున్నారు అందరూ. వదిన కూడా అనుకుంది. పైకి "నాకెందుకు బాబూ ఆ తలనొప్పి" అంటూనే, ఆ గది కిటికీకి ఏ రంగు తెరలు వేయించాలో లోలోపల తేల్చేసుకుంది.

బోర్డు వాళ్ళు బయటి మనిషిని వేశారు. ఆ బయటి మనిషి బయటి మనిషి కూడా కాదు. చిట్టి. రెండు జడల ఆడపడుచు.

చిట్టి వేరే ఊళ్ళో పెద్ద బ్యాంకులో ఇంటి రుణాల విభాగం చూసేది. ఎవరికి ఎంత వడ్డీ వేయాలి, ఎవరికి తగ్గించాలి అని పాలసీలు రాసే పని. కబురు చెప్పడానికి తనే ఫోన్ చేసింది. వదిన అప్పుడు పొయ్యి మీద కూర కలుపుతోంది.

"వదినా! మనిద్దరం కలిసి పని చేయబోతున్నాం తెలుసా?"

కలిసి అంది. నీ పైన అనలేదు. అనకపోయేసరికి వదినకి కోపం తెచ్చుకోవడానికి కూడా ఏమీ దొరకలేదు. "అబ్బ, ఎంత మంచి మాట చెప్పావే" అంది. ఆ పూట కూర అడుగంటింది. భర్త ఆ మాడు కూరనే లొట్టలేసుకుంటూ తిని, చెల్లెలి గురించి ఆఫీసులో ఎవరెవరికి చెప్పాడో వరసగా చెప్పుకొచ్చాడు. భార్య మొహం చూసి చివర్న, "నీకూ రావాల్సిందే అనుకో" అని కలిపాడు. పులుసులో ఉప్పు మర్చిపోయి దించాక చల్లినట్టు.

అద్దె ఇల్లు దొరికేదాకా చిట్టి వీళ్ళింట్లోనే దిగింది. అత్తగారి సంబరానికి పట్టపగ్గాల్లేవు. "ఊరందరికీ ఇళ్ళిచ్చే మహారాణికి తలదాచుకోను ఇల్లు లేదు చూడండే" అని వచ్చిన వాళ్ళందరితోనూ అనేది. నవ్వుతూనే అనేది కానీ, మహారాణి అన్న చోట కాస్త ఆగేది. వదిన చాలాకాలంగా తాగుతున్న నీలం కప్పులో చిట్టి టీ తాగేది. వదిన కూచునే కిటికీ పక్క కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూచునేది. అడిగితే వెంటనే లేచిపోయేదే. అందుకే అడగడానికి లేకపోయింది.

ఆఫీసులో ఇంకో చిక్కు వచ్చింది. ఇప్పుడు పెద్ద మేడమ్ ఎవరు? ప్యూను రెండు రోజులు తికమక పడ్డాడు. మూడో రోజు ఎవరు తేల్చారో తేల్చేశారు. చిట్టి మేడమ్ అయింది. వదిన ఫీల్డు మేడమ్ అయింది. బస్తీలు తిరిగి దరఖాస్తుదార్లను చూసేది ఆమే కాబట్టి పేరులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ పేరు విన్నప్పుడల్లా వదినకి తన చెప్పులకి మట్టి అంటిందేమోనని కిందికి చూసుకోవాలనిపించేది.

మొదటి మీటింగులో వదిన లేచి, "మీరు చెప్పండి మేడమ్" అంది.

చిట్టి పకపకా నవ్వేసింది. "ఈ 'మీరు' ఏంటి వదినా, కొత్తగా? నన్ను మేడమ్ అంటే నాకు మా హెడ్మిస్ట్రెస్ గుర్తొస్తుంది."

అందరూ నవ్వారు. వదినా నవ్వింది. దవడలు నొప్పెట్టాయి.

అసలు దెబ్బ అది కాదు. జీతం చీటీ లేని వాళ్ళకి కూడా జీతగాళ్ళతో సమానంగా వడ్డీ తగ్గించాలని వదిన ఎన్నేళ్ళుగానో బోర్డు చెవిలో పోరుతోంది. ఆమె ఆ మాట ఎత్తినప్పుడల్లా అధ్యక్షుడు గారు టీ చల్లారిపోతోందని గుర్తుచేసేవారు. చిట్టి వచ్చీ రాగానే అదే మాట అంది. ఏ పనివాళ్ళు ఎంత క్రమంగా కడుతున్నారో తన పాత బ్యాంకు అనుభవం చెప్పింది, నాలుగు ప్రశ్నలకి నాలుగు జవాబులు టకటకా చెప్పింది. టీ నిజంగానే చల్లారిపోయింది, ఎవరికీ గుర్తు రాలేదు. బోర్డు ఒప్పుకుంది. ఒక్క షరతు పెట్టింది. రాయితీ ఒకే ఒక్క నమూనా ఇంటికి వర్తిస్తుంది. ఏ నమూనా అన్నది ఖాయం చేశాక ఏళ్ళ తరబడి మార్చేది లేదు.

"సాధించాం వదినా!" అంటూ చిట్టి వచ్చి కావలించుకుంది. వదిన ఆమె భుజం మీదుగా డైరెక్టరు గదిలోకి చూసింది. తెరలు ఇంకా పాతవే. చిట్టికి తెరల ధ్యాసే లేదు.

నమూనా ఎంచడానికి ఆ సంస్థలో ఒక పద్ధతి ఉంది. అది వదిన పెట్టిన పద్ధతి. కాగితం మీద ప్లాను చూపిస్తే జనానికి ఏం అర్థమవుతుంది? అందుకని ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో ఇంటిని ఉన్నదున్నట్టు, అసలు కొలతల్లో, సున్నప్పొడితో నేల మీద గీయిస్తారు. ఇక్కడ గది, ఇక్కడ వంటిల్లు, ఇక్కడ తలుపు. దరఖాస్తు పెట్టుకున్న వాళ్ళు వచ్చి ఆ గీతల ఇంట్లో తిరుగుతారు, కూచుంటారు, పడుకుని చూస్తారు. ఎక్కువమంది ఏ ఇంటికి చెయ్యెత్తితే ఆ ఇల్లే బోర్డు ముందుకు వెళుతుంది. వదిన దగ్గరుండి గీయించేటప్పుడు ప్రతి గోడకీ రెండు గీతలు గీయించి, మధ్యలో సున్నం నింపించేది. ఎవరైనా దాని మీంచి అడుగేస్తే, "అది గోడమ్మా! గోడలోంచి ఎలా వస్తావు? నువ్వేమన్నా దెయ్యానివా? తలుపులోంచి రా" అని కేకలేసేది. జనం నవ్వుతూ వెనక్కి వెళ్ళి తలుపులోంచి వచ్చేవాళ్ళు.

ఈసారి చిట్టి తొందరపడింది. "ఒక్క ఇల్లు కాదు, మూడు పక్కపక్కన గీయండి. పోల్చి చూసుకుంటారు" అంది. అది మంచి ఆలోచనే. ఆ పూట వదిన బస్తీలో ఉంది. కొత్త ఇంజినీరు ప్లానులో బయటి కొలత చూసుకుని, ఒక్కో గోడకీ ఒక్కో గీత లాగించేశాడు. సున్నమూ కలిసొచ్చింది, పనీ తెమిలింది.

మర్నాడు వదిన ఆ స్థలంలో అడుగు పెట్టగానే చూసింది. చూడటానికి క్షణం పట్టలేదు. గీతలున్నాయి, గోడల్లేవు. జానెడు మందం ఉండాల్సిన గోడ చోట వేలెడు గీత. గీత ఉన్నది గోడ బయటి అంచు మీద. అంటే గోడ లేస్తే అది గదిలోకే వస్తుంది, ఇటు జానెడు, అటు జానెడు. రెండు పెద్ద నమూనాల్లో ఆ మాత్రం పోయినా తెలియదు. మూడోది అన్నిట్లోకీ చిన్నది, చవకది. దాంట్లో జానెడంటే మంచానికీ తలుపుకీ మధ్య దారి.

జనం గీతలు తొక్కుకుంటూ అన్ని ఇళ్ళలోనూ ఒకేసారి తిరుగుతున్నారు. గోడలోంచి రావద్దని చెప్పేవాళ్ళెవరూ లేరు.

వదిన నోరు తెరిచింది. ఇంజినీరుని పిలవబోయింది. సరిగ్గా అప్పుడే చిట్టి అటునుంచి వచ్చింది. కొంగు నడుముకి చుట్టుకుని, చేతులకి సున్నం అంటించుకుని, నలుగురు ఆడవాళ్ళు వెంట రాగా, మొహం వెలిగిపోతూ. ఒకావిడ చిట్టి చెయ్యి పట్టుకుని వదలట్లేదు. ఆవిడని ఆరు నెలలు ఇంటి చుట్టూ తిరిగి ఒప్పించి దరఖాస్తు పెట్టించింది వదిన.

"ఎలా ఉంది వదినా? నువ్వు గీయించినట్టే ఉందా?"

వదిన ఆ సున్నపు చేతుల వైపు చూసింది.

"బాగుంది" అంది.

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆమెకే ఆశ్చర్యమేసింది. నేనేమీ చెయ్యలేదు కదా అనుకుంది. గీసింది నేను కాదు. గీయించింది నేను కాదు. డైరెక్టరంటే అన్నీ తెలిసినావిడ, ఇది తెలియదా? పడనీ. ఒక్కసారి పడి లేస్తే అందరికీ తెలుస్తుంది, ఎవరి చేతిలో పని నిలుస్తుందో. పడనీ అన్న మాట లోపల రెండుసార్లు అనుకుంది. రెండోసారి చల్లగా, హాయిగా ఉంది.

చేతులెత్తించారు. మూడో ఇంటికే దండిగా లేచాయి. లేవవూ మరి? గోడలు లేని ఇంట్లో ఎవరికి ఇరుకుగా ఉంటుంది?

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అత్తగారు ఇద్దరికీ కూర వడ్డించింది. చిట్టికి రెండోసారి వడ్డించింది.

"మన చిట్టి నేల మీద ఇళ్ళు గీయించి చూపిస్తోందటగా. ఎంత బుర్ర!" అంది.

"అది వదిన బుర్రమ్మా" అంది చిట్టి నోటి నిండా ముద్దతో.

"నువ్వలాగే అంటావులే. చిన్నప్పుడూ అంతే, బహుమతి వస్తే పక్క పిల్లకి ఇచ్చేసి వచ్చేది" అంటూ అత్తగారు మురిసిపోయింది.

ఇంతలో అధ్యక్షుడు గారి ఫోన్. చిట్టి చేతులు ఎంగిలిగా ఉండటంతో అన్నయ్య స్పీకరు నొక్కి పట్టుకున్నాడు. మీ గీతల పద్ధతి అద్భుతం, ఎల్లుండి పొద్దున్న బోర్డు అంతా వచ్చి చూసి అక్కడికక్కడే ఖాయం చేసేస్తాం, అన్ని శాఖల్లోనూ మీ పద్ధతే పెట్టిద్దాం అని ఆయన అరిచినట్టు చెప్పాడు.

"నాది కాదండీ, మా వదినది" అంది చిట్టి.

"అందుకేనమ్మా నువ్వు నాయకురాలివి! ఈ వినయమే ఎవరిలోనూ ఉండదు" అన్నాడు ఆయన.

వదిన లేచి మంచినీళ్ళు తెచ్చే నెపంతో వంటింట్లోకి వెళ్ళింది. తనది అని చెప్పినా పేరు చిట్టికే వస్తోంది. దొంగిలించినా బాగుండేది, కనీసం దొంగ అని తిట్టుకోవచ్చు.

చిట్టి వెనకే వచ్చింది. గ్లాసు కడుక్కుంటూ, "వదినా, ఒక్క మాట. మూడో ఇంటికి అన్ని చేతులు లేచేసరికి నాకెందుకో మనసొప్పట్లేదు. మరీ సులువుగా అయిపోయింది. నీకేమన్నా తేడా కనిపించిందా? నిజం చెప్పు. ఇళ్ళు నీకు తెలిసినట్టు నాకు తెలియవు. నాకు వడ్డీలు తెలుసు, అంతే."

అంతకన్నా మంచి అవకాశం ఎవరికి దొరుకుతుంది? ఒక్క ముక్క చెబితే అయిపోయేది. వదిన చెంబు తోముతోంది. తోమిన చెంబునే మళ్ళీ తోమింది.

"నీ చేత్తో ఏది మొదలెట్టినా సులువుగానే అవుతుంది కదే" అంది.

చిట్టి ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, "పుల్ల విరిచినట్టు అన్నావు" అని నవ్వేసి వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం ఆఫీసు ఖాళీ అయ్యాక వదిన ఇంటికి బయల్దేరుతూ వెనక స్థలం వైపు చూసింది. తోపుడు బండి ఒకటి ఆగి ఉంది. మూడో ఇంటి గీతల మధ్య మంచం, ఆ మంచం పక్కన కుట్టుమిషను ఉన్నాయి. మిషను ముందు స్టూలు మీద ఒకావిడ కూచుని కాళ్ళు తొక్కుతోంది. గుడ్డ లేదు, దారం లేదు, ఊరికే తొక్కుతోంది.

ఆవిడ దర్జీ. బట్టలు కుట్టుకుని బతుకుతుంది. వదినకి తెలిసిన మనిషే, ఆమె దరఖాస్తూ వదిన పెట్టించిందే. ఆవిడ మొగుడు గడప గీత దగ్గర నించుని, తలుపు తీస్తున్నట్టూ వేస్తున్నట్టూ చెయ్యి ఆడిస్తున్నాడు.

"రండి మేడమ్, రండి! మా ఇంటికి రండి" అని దర్జీ లేచింది. "నవ్వకండి. ఈయనకి నమ్మకం కుదరలేదు. మంచం, మిషను రెండూ పట్టవు, ఏదో ఒకటి అమ్మెయ్యాలి అంటున్నాడు. అందుకే అద్దె ఇంటి నుంచి మోసుకొచ్చేశాం. చూడండి, ఎలా కుదిరిపోయాయో! మిషను చక్రం గీతకి తగిలీ తగలనట్టు. నా కోసమే కొలిచి కుట్టినట్టు లేదూ?"

"తలుపు కూడా బారుగా తెరుచుకుంటుంది" అన్నాడు మొగుడు, లేని తలుపు ఇంకోసారి తెరిచి చూపిస్తూ.

చక్రం గీతకి ఆనుకుని ఉంది. గోడ వచ్చాక ఆ చక్రం గోడలో ఉంటుంది.

"ఈ గీతలు గీయించిన తల్లి ఎవరో గానీ చల్లగా ఉండాలి" అంది దర్జీ. "కొత్త మేడమ్ గారట కదా?"

ఆ మాటకి వదినకి అరికాలి మంట నెత్తికెక్కింది. కొత్త మేడమ్ గారట! ఏడాదికేడాది ఎండలో నించుని, సున్నం కళ్ళల్లో పడి, గోడలోంచి రావద్దని గొంతు పోయేలా అరిచింది ఎవరు? ఈ పద్ధతి పెడదామంటే పిల్లలాటలా ఉందని పాత డైరెక్టరు వెక్కిరిస్తే పడింది ఎవరు? చిట్టికి దీవెనలు, తనకి...

ఆ మంటలోనే ఆమెకి ఇంకో సంగతి తట్టింది. రేపు ఖాయం చేస్తారు. ఎల్లుండి గోడలు లేస్తాయి. అప్పుడు ఈ దర్జీ ఏమంటుంది? మేడమ్ మోసం చేసిందనదు. ఏ మేడమో ఎవరికి గుర్తుంటుంది? గీతలు మోసం చేశాయంటుంది. సున్నపు గీతలు నమ్మొద్దర్రా, అవి ఒకటి చూపిస్తాయి, కట్టేది ఇంకొకటి అని వీధి వీధికీ చెబుతుంది. దీవెన చిట్టికి పోతే పోయింది. తిట్టు మాత్రం తిన్నగా వచ్చి తన గీతలకే తగులుతుంది. తన జీవితంలో అచ్చంగా తనదీ అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ గీతలే.

మంచి మనసుతో అని చెబితే అబద్ధమవుతుంది. దర్జీ మీద జాలి ఉంది, లేకపోలేదు. కానీ వదిన స్టోరు గదిలోకి విసవిసా నడిచి సున్నం డబ్బా, తాడు పట్టుకొచ్చింది మాత్రం ఒళ్ళు మండే.

"లేవమ్మా. ఆ మిషను కాస్త జరుపు."

"ఎందుకు మేడమ్?"

"గోడ కట్టాలి."

గీతకి లోపలివైపు జాన పెట్టింది. జాన జానకీ చుక్క పెట్టుకుంటూ వెళ్ళి, తాడు పట్టుకోమని మొగుడికిచ్చి, రెండో గీత లాగింది. మధ్యలో సున్నం నింపింది. మంచం కాళ్ళు సున్నంలోకి వచ్చాయి. మంచం జరిపారు. మంచం జరిపితే మిషను తలుపుకి అడ్డం వచ్చింది. మిషను జరిపితే స్టూలుకి చోటు లేదు. నలువైపులా గోడలు నిండేసరికి ఆ ముగ్గురూ భుజాలు తగులుతూ నించున్నారు. మొగుడు తలుపు తెరవబోయాడు. చెయ్యి సగంలో ఆగిపోయింది.

దర్జీ వంగి మిషను చక్రానికంటిన సున్నం తుడిచింది.

"అంటే నిన్న మేం చూసింది అబద్ధమా మేడమ్?" అంది దర్జీ.

ఆ ప్రశ్న చిట్టిని అడగాల్సింది. అక్కడున్నది వదిన. "అబద్ధమే" అంది, తల పైకెత్తకుండా. "రేపు పొద్దున్న రా. వచ్చి అందరి ముందూ చెయ్యి దించు."

ఇంటికెళ్ళి చిట్టికి చెప్పలేదు. చెప్పొచ్చు. చెబితే బోర్డు వచ్చేలోపు చిట్టి సర్దుకునేది. కానీ గీతలు సరిచేసింది కదా, ఇక చిట్టిని కాపాడటం కూడా తన పనేనా? అందరి ముందూ ఆ చలాకీ నోరు ఒక్కసారి తడబడితే చూడాలన్న కోరిక మాత్రం వదిన వదులుకోలేకపోయింది. ఆ కోరికతోనే పడుకుంది. ఆ కోరికతోనే లేచి, మంచి చీర తీసి కట్టుకుంది.

పొద్దున్న బోర్డు వాళ్ళు కార్లు దిగారు. అధ్యక్షుడు గారు చేతులు రుద్దుకుంటూ, "ఏదమ్మా ఆ అద్భుతం?" అన్నారు. చిట్టి ముందు నడుస్తూ మూడో ఇంటి దగ్గరికొచ్చి టక్కున ఆగిపోయింది. తెల్లగా, లావుగా, జానెడు గోడలు. వాటి లోపల ఇమిడిపోయిన గది. పక్కనున్న రెండు ఇళ్ళకీ ఒంటి గీతలే.

ఆమె చూపు గోడల మీంచి ఇంజినీరు మీదకి, ఇంజినీరు మీంచి వదిన మీదకి వచ్చింది. వదిన గోళ్ళ సందుల్లో సున్నం ఇంకా ఉంది. ఇదిగో, ఇప్పుడు.

"అధ్యక్షుడు గారూ, ఒక్క నిమిషం" అంది చిట్టి. గొంతు తడబడలేదు. "నిన్నటిదాకా ఈ ఇంటికి గోడల్లేవు. గోడ మందం వదిలేసి గీయించాను. తొందర నాది, తప్పు నాది. వీళ్ళు చెయ్యెత్తింది లేని ఇంటికి. రాత్రికి రాత్రి మా వదిన గోడలు కట్టింది. ఇప్పుడు లోపలికి వెళ్ళి చూడండి. తలుపులోంచి వెళ్ళండి సార్, అది గోడ!"

అధ్యక్షుడు గారు ఎత్తిన కాలు వెనక్కి తీసుకుని, బుద్ధిగా తలుపులోంచి వెళ్ళారు. దర్జీ తన మిషను కొలత తాడుతో చూపించింది. ఇంజినీరు మొహం సున్నం కన్నా తెల్లబడింది. చిట్టి అతని పేరే ఎత్తలేదు.

తర్వాత జరిగింది వదిన మర్చిపోదామన్నా మర్చిపోలేదు. చిట్టి ఆ గోడల మధ్యే నించుని బేరం పెట్టింది. ఇంత విస్తీర్ణం దాటిన ఇంటికి రాయితీ తగ్గిస్తున్నారు, ఆ విస్తీర్ణాన్ని బయటి అంచు నుంచి కొలుస్తున్నారు, అందుకే గోడలకి కూడా వీళ్ళు వడ్డీ కడుతున్నారు, కానీ గోడలో ఎవరూ పడుకోరు, లోపలి అంచు నుంచి కొలిచేలా పాలసీ మార్చండి, అప్పుడు రెండో ఇల్లు కూడా పూర్తి రాయితీలోకి వస్తుంది, అప్పు తీర్చే గడువు కాస్త పెంచితే నెల వాయిదా మూడో ఇంటి వాయిదాకి పెద్ద తేడా ఉండదు. ఒక సభ్యుడు నసిగాడు. చిట్టి అతన్ని మంచం వేసే చోట నించోబెట్టి, మిషను చోట ఇంకొకాయన్ని నించోబెట్టి, "ఇప్పుడు తలుపు తీయండి సార్" అంది. అందరూ నవ్వారు. నవ్వాక ఒప్పుకోక చస్తారా?

ఒంటి గీతల రెండో ఇంటికి అప్పటికప్పుడు గోడలు గీయించి, మళ్ళీ చేతులెత్తించారు. దర్జీ రెండు చేతులూ ఎత్తింది.

"తప్పు ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలి!" అన్నారు అధ్యక్షుడు గారు కారెక్కుతూ. "ఇదీ నాయకత్వమంటే."

వదిన ఆ కారు మలుపు తిరిగేదాకా చూస్తూ నించుంది. ఆఖరికి తప్పు కూడా! చిట్టి చేస్తే తప్పు కూడా మెడలో గొలుసులా అమరింది. తను అంత ఒప్పు చేసి, గోళ్ళలో సున్నంతో, మంచి చీర అంచు పాడు చేసుకుని మిగిలింది.

ఆ సాయంత్రం చిట్టి ఇంటికి రాగానే నీలం కప్పు కడిగి, దాంట్లో టీ పోసి వదిన ముందు పెట్టింది. తను స్టీలు గ్లాసు తీసుకుంది.

"మొదటి రోజే చూశావు కదా?"

వదిన కప్పు ముట్టుకోలేదు.

"రెండుసార్లు అడిగాను వదినా."

"అడిగావు."

"మరి?"

"నువ్వు పడితే చూద్దామని."

చెప్పేసింది. చిట్టి చేతిలో స్టీలు గ్లాసు కింద పెట్టింది. ఆ మొహంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేకపోతే ఆమె అచ్చం అత్తగారిలా ఉంది. పక్క గదిలోంచి అత్తగారు, "ఏంటే ఇద్దరూ గుసగుసలు?" అని కేకేసింది.

"నా మీద ఎంతైనా మండిపడు" అంది చిట్టి చివరికి. "నాకు నొప్పే, అయినా పర్లేదు. కానీ ఆ దర్జీ మిషను ఏం చేసింది నిన్ను?"

వదిన టీ తాగింది. చల్లారిపోయింది, అయినా ఆఖరు దాకా తాగింది.

కొన్ని వారాలకి చిట్టికి అద్దె ఇల్లు కుదిరింది. ఆ మధ్యలో ఇద్దరూ ఆఫీసు మాటలే మాట్లాడుకున్నారు. కుర్చీ ఖాళీగా ఉన్నా చిట్టి కిటికీ పక్కన కూచోలేదు. తాళం చెవి తీసుకున్న రోజున మాత్రం గుమ్మం దగ్గర ఆగి, "వస్తావా వదినా, చూద్దువుగాని" అంది.

వదిన వెళ్ళింది. దారి పొడుగునా ఇల్లు ఇరుగ్గా ఉంటే బాగుండునని కోరుకుంది. ఇరుగ్గా లేదు. ముందుగదికి పెద్ద కిటికీ, దాంట్లోంచి చెట్టు కొమ్మ, మంచి గాలి. వదిన ఇంటి కిటికీలోంచి కనబడేది పక్కింటి వాళ్ళ నీళ్ళ ట్యాంకు. లోపల ఎప్పటి మంటే మళ్ళీ మొదలైంది. ఇన్ని జరిగాక కూడా సిగ్గులేకుండా మొదలైంది.

చిట్టి గది మధ్యలో చేతులు కట్టుకుని నించుంది. "ఎలా ఉంది వదినా?" అంది. అడగాలో వద్దో తెలియనట్టు అంది.

వదిన కిటికీ చూసింది. కొమ్మ చూసింది. పడగ్గదిలోకి వెళ్ళి, తలుపు పూర్తిగా తెరిచి, దాని అంచు నుంచి గోడ దాకా జానలు పెట్టుకుంటూ వెళ్ళింది. చిట్టి గుమ్మంలో నించుని చూస్తోంది.

"బాగుంది" అంది వదిన. గొంతులోంచి ఈడ్చుకొచ్చినట్టు వచ్చింది ఆ మాట. "నా ఇంటి కన్నా బాగుంది."

తర్వాత చేతులు దులుపుకుని, మూల చూపించింది.

"మంచం మాత్రం ఇటు వెయ్యకు. తలుపు సగమే తెరుచుకుంటుంది."